ఎనిమిది నెలలు తాళం వేసిన ఇల్లు, నడుము ఎత్తు పెరిగిన పెరడు: ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం కోడలు | సెప్టెంబరు 11, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేము భువనేశ్వర్‌లో ఉంటాం. మా అత్తవారి ఇల్లు గుణుపురంలో, వంశధారకు దగ్గరలోనే. సంక్రాంతికి వెళ్ళి తాళం వేసి వచ్చాక మళ్ళీ అటు వెళ్ళలేదు. మొన్న పక్కింటివారు ఫోనులో ఫొటో పంపితే గుండె జారిపోయింది. వయ్యారిభామ కలుపు నడుము దాకా పెరిగింది. వానలకు ఊడిపడిన కొబ్బరి మట్టలు గుట్టగా పడి ఉన్నాయి. మామయ్యగారు ఉన్న రోజుల్లో ప్రహరీ కోసం తెప్పించిన ఇటుకల దొంతి నాచు పట్టి అలాగే ఉంది. వాడకం లేని బావి ఒకటి. మునగచెట్టు కొమ్మ కరెంటు తీగ మీదికి వంగింది.

దసరాకు ఆ ఇంట్లో దీపం పెట్టాలని అత్తయ్య పట్టు. 20, 21 తేదీలలో వెళ్ళి శుభ్రం చేద్దామనుకుంటున్నాం. మా వారు, నేను, 70 ఏళ్ళ అత్తయ్య, ఇద్దరు చిన్నపిల్లలు. కూలికి ఇద్దరు వస్తామన్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జయపురం మేనల్లుడు | సెప్టెంబరు 11, రాత్రి 10:02

అక్కా, ఆ ఇటుకల దొంతి మీద ముందు దృష్టి పెట్టండి. మా చిన్న మామయ్య కథ చెబుతాను, ఓపికగా చదవండి.

నాలుగేళ్ళ కిందట, ఇలాగే వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, సాయంత్రం పూట గోడ పక్కన ఉన్న పెంకులు తీసి వేరే చోట పేరుస్తున్నాడు. చేతికి చీమ కుట్టినట్టు అనిపించిందట. చూస్తే రక్తం లేదు, వాపు లేదు. చేయి కడుక్కుని అన్నం తిని పడుకున్నాడు. రాత్రి పన్నెండు దాటాక కడుపునొప్పి అని లేచాడు. తిన్నది పడలేదనుకుని అత్త వాము నీళ్ళు ఇచ్చింది. మూడు గంటలకు చూస్తే కనురెప్పలు ఎత్తలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. "మామయ్యా, నన్ను చూడు" అంటే వేలితో రెప్ప పైకెత్తి చూశాడు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

కట్లపాము. నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉండి బయటపడ్డాడు. కాటు పడిన మర్నాడు పెంకుల కింద చూస్తే అది అక్కడే చుట్టుకుని ఉంది. చీమ కుట్టిందనుకున్న ఆ క్షణంలో బయలుదేరి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని డాక్టరు అన్నారు.

రాయగడ సిస్టర్ | సెప్టెంబరు 11, రాత్రి 11:25

జయపురం తమ్ముడు చెప్పినది అక్షరాలా నిజం. 19 ఏళ్ళుగా ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాను. వర్షాకాలం వచ్చిందంటే ఇలాంటి కేసు లేని వారం ఉండదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు చాలా తక్కువ. రక్తపింజరి అయితే మంట, వాపు వెంటనే తెలుస్తాయి, తరువాత రక్తం గడ్డకట్టడం పోతుంది. తాచుపాముకు వాపూ ఉంటుంది, రెప్పలు పడిపోవడమూ ఉంటుంది. చిన్న పింజరి పేరుకు చిన్నది, రక్తాన్ని పాడు చేయడంలో మాత్రం పెద్దదానికి తీసిపోదు. మన దేశంలో దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసినదే. అందుకే పామును చంపి సంచిలో వేసి తీసుకురానవసరం లేదు. దాని వెంట పడి రెండో కాటు తిన్నవారిని నేను చూశాను.

గుణుపురం చెల్లెమ్మా, పనికి ముందే ఇంట్లో అందరికీ ఇవి చెప్పి ఉంచు. కాటు పడితే తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. గట్టిగా కట్టిన కట్టు వల్ల కాలు పోగొట్టుకున్నవారున్నారు. ఆ కట్టు విప్పగానే ఒక్కసారిగా ప్రాణం మీదికి వచ్చినవారూ ఉన్నారు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు ఆ చేయి లేదా కాలు కదలకుండా కర్ర ఆసరాగా పెట్టి, నడిపించకుండా తీసుకురావాలి. 108కి ఫోను చేయండి. బండి రావడం ఆలస్యమైతే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తెచ్చినా మంచిదే. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు నిల్వ ఉందో పని మొదలుపెట్టే ముందు రోజే కనుక్కోండి. అర్ధరాత్రి మూడు చోట్లకు తిరగడం కన్నా ఇది చాలా మేలు.

ఇటుకలు ఎలా తీయాలంటే, ముందు పొడవైన కర్రతో దొంతిని అన్ని వైపులా తట్టి పది నిమిషాలు వదిలేయండి. తరువాత పై వరుస నుంచి, ఒక్కొక్క ఇటుకను గునపంతో మీ వైపుకు కాక అవతలి వైపుకు దొర్లించాలి. కన్నంలో వేలు పెట్టి లాగడం అన్న మాటే వద్దు. కొబ్బరి మట్టను కూడా చివర దంతె తగిలించి లాగండి, కింద చేయి పెట్టి ఎత్తకండి.

పర్లాకిమిడి వాసి | సెప్టెంబరు 12, ఉదయం 6:48

సిస్టర్‌గారి మీద గౌరవంతోనే ఒక మాట. మా వైపు కొండ ఊళ్ళలో ముందు గుణియా (మంత్రం వేసే వైద్యుడు) దగ్గరికే తీసుకెళతారు. మంత్రం వేయించుకుని బతికినవాళ్ళను నేనే పదిమందిని చూపించగలను. అందరూ అబద్ధం చెబుతారా?

రాయగడ సిస్టర్ | సెప్టెంబరు 12, మధ్యాహ్నం 2:15

అబద్ధం చెప్పరు అన్నా. వాళ్ళు బతికిన మాట నిజమే. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటివారు మంత్రం వేసినా వేయకపోయినా బతుకుతారు. నిజంగా విషం ఎక్కిన మనిషి మాత్రం ఆ వేపమండల ముందు కూర్చున్న రెండు గంటల్లో చేయి దాటిపోతాడు. ఆ మనిషిని మా దగ్గరికి తెస్తారు, మేము పల్స్ చూసి తల దించుకుంటాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని పరిశోధకుల అంచనా. వారిలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. ఒడిశా ప్రభుత్వం పాముకాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది, మరణిస్తే కుటుంబానికి పరిహారం కూడా ఉంది. కానీ ఆసుపత్రి కాగితమే లేకపోతే ఆ తల్లి ఏం చూపించి అడుగుతుంది? గుణియాను నమ్మేవారిని నేను నిందించను. ముందు ఆసుపత్రికి రండి, ఆయనను కూడా వెంట తెచ్చుకోండి. ఒకసారి ఒక గుణియాయే తన కొడుకును భుజాన వేసుకుని మా వార్డుకు వచ్చాడు.

బల్లార్షా మెకానిక్ | సెప్టెంబరు 12, రాత్రి 8:30

నేను చంద్రపూర్ జిల్లా నుంచి. గడ్డి కోసే యంత్రాలు బాగుచేయడం నా పని. నడుము ఎత్తు పెరిగిందంటున్నారు కనుక కూలివాళ్ళు పెట్రోలు యంత్రమే తెస్తారు. అందుకని రాస్తున్నాను.

యంత్రం తిరుగుతుంటే చుట్టూ 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. పిల్లలైతే ఇంట్లో, తలుపు వేసి. తిరిగే బ్లేడుకు గులకరాయి తగిలితే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. గడ్డిలో దాగిన పాత ఇనుప తీగ, సీసా పెంకు, చిన్న రాళ్ళు ముందే కర్రతో వెతికి ఏరేయాలి. చుట్టూ గడ్డి చుట్టుకుని ఆగిపోతే ఇంజను ఆపి, తిరగడం పూర్తిగా ఆగాకే చేయి పెట్టాలి. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయకండి. కొంగు, తువ్వాలు వేలాడకూడదు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కంటి అద్దాలు. పోయినేడు నైలాను దారం వేసిన యంత్రమే కదా అని అద్దాలు లేకుండా ఒక్క నిమిషం పరీక్షించాను. చిన్న గడ్డి పరక కంట్లో కొట్టింది. నీళ్ళతో కడుక్కుంటే తగ్గినట్టే ఉంది. మర్నాడు ఎర్రబడితే ఇంట్లో పాత చుక్కల మందు ఉంటే వేసుకున్నాను. అదే నా కొంప ముంచింది. అందులో స్టెరాయిడ్ ఉందట. ఆకు, గడ్డి, చెక్క కంటికి తగిలితే బూజు జాతి సూక్ష్మజీవులు పట్టుకుంటాయి, స్టెరాయిడ్ పడితే అవి రెచ్చిపోతాయి అని కంటి డాక్టరు చెప్పారు. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు పడింది. రెండు నెలలు గంట గంటకూ మందు వేసుకున్నాను. ఇప్పుడు ఆ కంటితో దీపం చూస్తే చుట్టూ పొగమంచు ఉన్నట్టుంటుంది. రెండు మూడు వందల రూపాయల అద్దాలు పెట్టుకుంటే సరిపోయేది. అమ్మా, మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక జత కొనండి, కూలివాళ్ళకూ కొనండి.

రాయగడ సిస్టర్ | సెప్టెంబరు 12, రాత్రి 9:05

తమ్ముడూ, చదువుతుంటే బాధ వేసింది. దీనికి ఒకటి కలుపుతాను. పెరట్లో జిల్లేడు ఉంటే దాని పాలు కంట్లో పడకుండా చూసుకోండి. మొదట పెద్దగా నొప్పి ఉండదు, కొన్ని గంటలకు చూపు మసకబారుతుంది. పడిన వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా ధారగా నీళ్ళు పోసి కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆకు పసరు, చనుబాలు వంటివి వేయవద్దు.

దెగ్లూరు దుకాణం | సెప్టెంబరు 13, ఉదయం 10:20

ఇంత శ్రమ ఎందుకండీ? వారం ముందు పక్కింటివారితో కలుపు మందు కొట్టించండి. రెండు మూడు రోజుల్లో మాడిపోతుంది. మీరు వెళ్ళేసరికి ఎండుగడ్డే ఉంటుంది.

సిరొంచ రైతు | సెప్టెంబరు 13, మధ్యాహ్నం 1:40

దెగ్లూరు అన్నగారికి నమస్కారం. మీ మంచి ఉద్దేశాన్ని శంకించను, కానీ ఇది ఒప్పుకోలేను. ప్రాణహిత ఒడ్డున 30 ఏళ్ళుగా మిర్చి, పత్తి వేస్తున్నాను, ఈ మందులన్నీ ఈ చేతులతో కలిపాను.

రెండు మూడు రోజుల్లో మాడ్చే మందుల్లో పారాక్వాట్ ఒకటి. దానికి విరుగుడు లేదు. గుక్కెడు చాలు, ఊపిరితిత్తులు రోజు రోజుకూ గట్టిపడి మనిషి తెలివిలో ఉండగానే పోతాడు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి అది రావలసిన అవసరం ఏమిటి? మిగిలినది శీతల పానీయం సీసాలో పోసి అటక మీద పెట్టే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు అంటారా, 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని అనుమతి ఉన్న చీడల నివారణ నిర్వాహకుల ద్వారా తప్ప వాడకూడదని కట్టడి చేసింది. 2017లో మా విదర్భలోనే యవత్మాల్ జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? తలెత్తు పెరిగిన పత్తిలో నిలబడి పురుగుమందు కొట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు పోయారు. వాళ్ళకు మందు కొట్టడం కొత్త కాదు.

ఇంకో మాట. మందుతో ఎండిన గడ్డి అక్కడే నిలబడి ఉంటుంది. దాని కింద పాము, తేలు ఉండనే ఉంటాయి. వాన పడిన మర్నాడు వయ్యారిభామ వేరుతో సహా చేతికి వచ్చేస్తుంది. దాన్ని మాత్రం ఒట్టి చేతులతో ముట్టకండి. ఒళ్ళంతా దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి. పొడుగు చేతుల చొక్కా, తొడుగులు, ముక్కుకు గుడ్డ.

దెగ్లూరు దుకాణం | సెప్టెంబరు 13, సాయంత్రం 6:00

మీరు చెప్పినది సబబే. పిల్లల సంగతి నేను ఆలోచించలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

మా నాందేడ్ జిల్లా అనుభవం ఒకటి చెబుతాను. తేలు కుడితే "నొప్పే కదా" అని తేలికగా తీసుకోకండి. ఎర్రతేలు కుట్టాక ఒళ్ళంతా చెమట పట్టి, వాంతి అయి, చేతులు కాళ్ళు చల్లబడితే అది గుండె మీద పని చేస్తున్నట్టు. ఒకప్పుడు కొంకణంలో దీనికి పిల్లలు పిట్టల్లా రాలిపోయేవారు. మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మామూలు రక్తపోటు మాత్రతో ఆ చావులను ఎంతగానో తగ్గించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మాత్ర చవకే, సమయానికి వేయించాలి, అంతే.

సరిహద్దులో ఉండే మనకు భాష కూడా ఒక జాగ్రత్తే. ఇక్కడ మరాఠీలో కట్లపామును మణ్యార్ అంటారు, రక్తపింజరిని ఘోణస్, చిన్న పింజరిని ఫుర్సే. మా అమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆసుపత్రిలో ఎవరో "సాప్ చావ్లా" అంటే మనిషి చచ్చిపోయాడని ఏడుపు అందుకుంది. పాము కరిచింది అని దాని అర్థం.

రాయగడ సిస్టర్ | సెప్టెంబరు 13, రాత్రి 9:50

ఇది నిజంగా పనికొచ్చే మాట. మా వార్డులో తెలుగు పేషెంటు "కట్లపాము" అంటే కొత్తగా వచ్చిన ఒడియా డాక్టరుకు అర్థం కాక నన్ను పిలుస్తారు. ఒడియాలో కట్లపాము చితి సాపొ, రక్తపింజరి చందన బొడా. "సాపొ కాముడిఛి" అంటే పాము కరిచింది. అత్తయ్యగారి చేత కూడా ఒకసారి చెప్పించండి.

బరంపురం మాస్టారు | సెప్టెంబరు 14, ఉదయం 7:15

అమ్మాయీ, పాముల గురించి అందరూ చక్కగా చెప్పారు. నాకు ఆ మునగకొమ్మ మీద బెంగగా ఉంది.

2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర. రెండుసార్లూ గాలికి బతికి, తరువాత చెట్లు తొలగిస్తూ దెబ్బలు తిన్నవారిని చూశాను. వంగి ఇరుక్కున్న కొమ్మ విల్లులాంటిది. కోత పడగానే లేచి ఛాతీ మీద కొడుతుంది. మునగ అయితే మరీ పెళుసు, దాని మీద నిచ్చెన ఆనించడం కూడా ప్రమాదమే. తీగను తాకుతున్న పచ్చికొమ్మ గుండా కరెంటు వస్తుంది. ఇనుప గడకర్రతో లాగుదామనుకోకండి, వెదురైనా తడిస్తే అంతే. విద్యుత్ కార్యాలయంలో రాసిచ్చి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపాకే కొట్టించాలి. ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు. పాత మోటారుకు, బయటి ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించండి. లేకపోతే తడి నేల మీద ఏ యంత్రమూ పెట్టవద్దు.

బావిలోకి ఎవరినీ దించకండి. దీపం దించి చూస్తే చాలంటారు. దీపం ఆరకపోతే ప్రాణవాయువు ఉందని మాత్రమే తెలుస్తుంది, విషవాయువు లేదని కాదు. ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారు, మూడోవారు దిగుతారు. ఈ పండుగకు ఇనుప వల వేసి మూయించండి, చాలు.

తుక్కును తగలబెట్టవద్దు కూడా. తీగల కింద మంట, పక్కింటి పూరి కప్పు, పొగకు బెదిరి ఇంట్లోకి దూరే జీవాలు. గుంట తీసి ఎరువు చేసుకోండి.

రాయగడ సిస్టర్ | సెప్టెంబరు 14, రాత్రి 10:30

చివరగా రెండు. మేకు గుచ్చుకున్నా, కొడవలి తెగినా సబ్బుతో కడిగి ధనుర్వాతం టీకా వేయించండి. ఆ టీకా వేయించుకుని పదేళ్ళు దాటినవారు ఇప్పుడే మళ్ళీ వేయించుకోవచ్చు.

రెండోది, పని అయిన వారం నుంచి మూడు వారాల లోపల జ్వరం వస్తే "పెరడు శుభ్రం చేశాం" అని డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్ళు అడగకపోయినా సరే. పొదల్లో కంటికి ఆనని ఒక రకం నల్లి పిల్లలుంటాయి, మంచాల్లో ఉండే నల్లులు కావు. అవి కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట నొప్పీ దురదా లేని నల్లటి మచ్చ, బీడీ కాల్చి అంటించినట్టు ఉంటుంది. గడ్డి మీద కూర్చోకండి, పొదల మీద బట్టలు ఆరవేయకండి. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్ళలో నానబెట్టండి.

గుణుపురం కోడలు | సెప్టెంబరు 22, రాత్రి 8:45

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న సాయంత్రానికి పని అయింది.

రెండు రోజులూ ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పది దాటకుండా ఆపాం. మళ్ళీ నాలుగు నుంచి చీకటి పడకముందు దాకా. గమ్‌బూట్లు నాలుగు జతలు, అద్దాలు ఐదు కొన్నాం. కూలికి వచ్చిన పెద్దాయన మొదట అద్దాలు వద్దన్నాడు. బల్లార్షా అన్నయ్య కన్ను సంగతి చెప్పాక సాయంత్రం దాకా తీయలేదు.

ఇటుకల దొంతిని మా వారు కర్రతో తట్టి, సిస్టర్ చెప్పినట్టే అవతలికి దొర్లించారు. మూడో వరుస కింద కుబుసం కనబడింది. నా మూర పొడవు, గాలికి వణుకుతోంది, తల దగ్గర కంటి పొర కూడా చెక్కుచెదరకుండా ఉంది. అందరం దూరంగా నిలబడిపోయాం. పాము మాత్రం కనబడలేదు. స్నానాల గది తూము ఆ దొంతి వెనకనే తెరుచుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆ పూటే తూముకు జాలీ వేయించాం. లైన్‌మన్ ఈ రోజు వచ్చి సరఫరా ఆపి కొమ్మ కొట్టారు. బావి మీద వల వేశాం. ఎవరికీ గీరుడు కూడా పడలేదు.

జయపురం మేనల్లుడు | సెప్టెంబరు 22, రాత్రి 9:00

చాలా సంతోషం అక్కా. మామయ్యకు చదివి వినిపించాను. కుబుసం దగ్గరికి రాగానే చేయి ఒకసారి చూసుకున్నాడు.

గుణుపురం కోడలు | అక్టోబరు 4, ఉదయం 11:20

సిస్టర్‌గారూ, మీకు ఈ విషయం చెప్పాలి.

అత్తయ్యకు 30వ తేదీ రాత్రి చలితో జ్వరం వచ్చింది. పండుగ హడావుడికి అలసట అనుకున్నాం. రెండో రోజు తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయారు. మీ మాట గుర్తొచ్చింది, కానీ ఆవిడ పెరట్లో పని చేయలేదు. పిల్లలకు, మాకు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం, ఆవిడ మాత్రం ఒక పక్కన పీట వేసుకుని కూర్చుని మాకు పురమాయించారు. కాసేపయ్యాక నడుము నొప్పి అని పీట పక్కకు నెట్టి, కోసిన గడ్డి మీదే చతికిలబడి చిక్కుడుకాయలు ఒలిచారు. అది నా కళ్ళ ముందే జరిగింది, నాకు తట్టలేదు.

స్నానం చేయిస్తూ వెతికాను. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోట, నడుము ముడతలో, పావలా కన్నా చిన్న నల్లమచ్చ. చుట్టూ ఎర్రటి అంచు. "నొప్పి లేదే, ఎప్పుడు వచ్చిందో" అన్నారు. డాక్టరుకు మచ్చ చూపించి, పెరడు సంగతి చెప్పాను. రక్తపరీక్షకు పంపుతూనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. ఈ రోజు జ్వరం లేదు. గంజి తాగారు.

రాయగడ సిస్టర్ | అక్టోబరు 4, మధ్యాహ్నం 1:05

హమ్మయ్య. జ్వరం తగ్గిందని మధ్యలో మాత్రలు మానేయకు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించు. పిల్లలను కూడా రోజూ స్నానం చేయించేటప్పుడు చూడు, చంకలు, గజ్జలు, చెవి వెనక. 12వ తేదీ దాకా.

గుణుపురం కోడలు | అక్టోబరు 4, మధ్యాహ్నం 1:30

అలాగే సిస్టర్. గోడ మీద క్యాలెండరులో 12కు చుట్టూ గీత గీశాను. అత్తయ్య అప్పుడే బావి పక్కన మల్లె అంటు పెట్టాలంటున్నారు. ఆవిడ కోసం చేతులున్న కుర్చీ ఒకటి, పాదాలు కప్పే మేజోళ్ళు తెప్పించాను.